రోట్లో కోడి, రోడ్డు మీద అవ్వ

చెల్పూర్‌లో మా బావమరిది ఉంటాడు. అక్కడి కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. రాష్ట్రంలోని వెలుగంతా తన చేతుల మీదుగానే పోతుందని చెప్పుకుంటాడు గానీ, వాళ్ల బాత్‌రూములో బల్బు పోయి ఎన్నాళ్లయిందో వాళ్లావిడే చెప్పాలి. మొన్న వాళ్లబ్బాయి పుట్టువెంట్రుకలకు పోయి, తిరిగి వస్తూ భూపాలపల్లిలో బస్సు కోసం నిలబడ్డాను. ఎదురుగా గోడ మీద ఎర్రటి అక్షరాలు: 'ఈ స్థలములో డేరాలు, గుడారములు వేయరాదు. అతిక్రమించిన వారు శిక్షార్హులు.' సరిగ్గా ఆ 'శిక్షార్హులు' కింద ఒక నల్లకోడి మట్టి గీకి, గుంట చేసి, రెక్కలు పరిచి, పిల్లల్ని కింద సర్దుకుని, సంసారం మొత్తం దింపుకుని కూర్చుంది. మనిషిని అదిలించే అక్షరాలు కోడిని అదిలించలేవు కదా అని నవ్వొచ్చింది. ఆ నవ్వులో మా జనగామ అవ్వ గుర్తొచ్చింది. అవ్వను తలుచుకుంటూ ఉండగా బస్సు వచ్చింది, పోయింది కూడా. ఇంటికొచ్చి ఆలస్యానికి కారణం కోడి అని చెబితే మా ఆవిడ నమ్మలేదు. మీరైనా నమ్మండి.

అవ్వ పేరు నాకు తెలియదు. మా కాలనీలో ఎవరికీ తెలియదు. ఒకసారి అడిగాను.

"పేరుతోటి పిలిచేటోళ్లందరు పోయిన్రు బిడ్డా. ఉన్నోళ్లంత అవ్వ అంటున్నరు. ఇప్పుడు పేరు చెప్తె నువ్వు పిలుస్తవా?"

"పిలవను."

"మరెందుకు? ఊకె తీస్కపోయి ఇంట్ల దాసిపెట్టుకుంటవా?"

ఆ రోజు నుంచి నేను ఎవరి పేరూ అడగడం మానేశాను. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లను కూడా 'ఏమండీ' అంటూనే రిటైరయ్యేలా ఉన్నాను.

సూర్యాపేట రోడ్డు మీంచి మా కాలనీలోకి తిరిగే మలుపులో ఆమె డేరా. రెండు కర్రలు, ఒక నీలం పట్ట, నాలుగు తాళ్లు. మూడు తాళ్లు మేకులకు, నాలుగోది మూలమీది ఇంటి ప్రహరీ గోడకున్న ఇనుప కొక్కేనికి. డేరా ముందు రాళ్ల సంత: రోళ్లు, పొత్రాలు, విసుర్రాళ్లు, అల్లం దంచుకునే చిట్టి కల్వాలు. మనిషి ఎంత సన్నమంటే, ఎండాకాలం నీడ పడాలంటే ఆమె పక్కకు తిరిగి నిలబడకూడదు. గొంతు మాత్రం దేవుడు ఎవరో పహిల్వాను కోసం తయారుచేసి, పొరపాటున ఈమెకు బిగించాడు. మా ఊళ్లో గూడ్సు రైలు పోతున్నప్పుడు అందరం మాట ఆపుతాం. అవ్వ మాట్లాడుతున్నప్పుడు మాత్రం గూడ్సు డ్రైవరే జర ఆగి, ఆమె ముగించాక కూత వేసేవాడని మా కాలనీవాళ్ల నమ్మకం.

రెండు చేతుల్లో ఎప్పుడూ ఉలీ సుత్తీ ఉండేవి కాబట్టి, లోకంలో ఏది చూపించాలన్నా గదవతోనే, అంటే గడ్డంతోనే చూపించేది. గదవ కొంచెం ఎత్తితే పాలవాడు వచ్చిపోయినట్టు. ఎడమకు తిప్పితే నల్లా నీళ్లు వచ్చినట్టు. ఒకేసారి పైకీ కిందికీ ఆడిస్తే మా ఇంటికి చుట్టాలొచ్చారని, వాళ్లు సంచులతో సహా వచ్చారని, కనక నాలుగు రోజులుంటారని అర్థం. అంత వివరంగా మా వార్తాపత్రిక కూడా చెప్పేది కాదు.

రోలు అమ్మడం ఆమెకు పిల్లనివ్వడంతో సమానం. మా ఆవిడ మోజుపడి ఒక రోలు కొందామని పోయింది. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడ్డాను, రోలు సంచిలో పడుతుందన్నట్టు.

"ఇంట్ల మిక్సీ ఉన్నదా బిడ్డా?"

"ఉంది అవ్వా."

"మరి రోలెందుకు?"

"పచ్చడికి. రోటి పచ్చడి రుచే వేరు కదా."

"వారంల ఎన్నిమార్లు నూర్తవు?"

మా ఆవిడ నిజాయితీపరురాలు. "పండుగలకు" అంది.

"అయితె నీకు రోలియ్య. ఇంత కష్టపడి కొట్టిన రోలు నీ ఇంట్ల పూలకుండి అయితది. పండుగలకు నా కాడికొచ్చి నూరుకొని పో."

అలా మా వంటిల్లు సూర్యాపేట రోడ్డు దాకా విస్తరించింది. దసరాకు చింతకాయ పచ్చడి ఆ మలుపులోనే నూరేవాళ్లం. పోయే లారీల వాళ్లు వాసనకు గేరు మార్చడం మరిచిపోయేవారు.

ఇక మలుపు తిరిగే ప్రతి మనిషికీ ఒక ప్రశ్న తప్పదు: "ఎవలింటికి?" పార్సెల్ తెచ్చేవాడికి, పెళ్లిపత్రిక తెచ్చేవాడికి, గ్యాస్ బండికి, పీర్ల పండుగకు ఇల్లిల్లూ తిరిగే ఫకీరు సాబుకు, ఓట్ల కోసం వచ్చిన కౌన్సిలరుకు కూడా. నా చిన్ననాటి స్నేహితుడొకడు పాతికేళ్ల తర్వాత నన్ను వెతుక్కుంటూ వస్తే మలుపు దగ్గరే వెనక్కి తిప్పి పంపింది. ఏమని చెప్పావు అవ్వా అని అడిగితే, "ఆ సారు ఇంట్ల లేడన్న. ఉన్నా లేడనే అంటడన్న" అంది. రెండోది ఎలా కనిపెట్టిందో నాకిప్పటికీ ఆశ్చర్యం.

ఆమెకు మానుకోటలో ఒక బిడ్డ ఉంది. (మహబూబాబాద్‌ను ఆమె ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు.) బిడ్డ దగ్గరే ఉండొచ్చు కదా అంటే, "అల్లుడు మంచోడే బిడ్డా. మంచోని ఇంట్ల ఎక్కువ దినాలుంటె చెడ్డోడైతడు" అనేది. రోడ్డు మీద ఎన్నాళ్లు అంటే గదవతో రోడ్డును చూపించేది. "నేను రోడ్డు మీద యాడున్న? నేను నా కాడ్నే ఉన్న. రోడ్డే నా ముందటికెల్లి పోతున్నది."

ఈ సిద్ధాంతం నచ్చని మనిషి కాలనీలో ఒక్కడే. ఆ ఇనుప కొక్కెం ఉన్న ఇంటాయన, మా కాలనీ కమిటీ ప్రెసిడెంటు. బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. బస్సులు ఎన్నడూ ఆయన మాట విన్నవి కావు, అందుకని మమ్మల్ని కంట్రోల్ చేసే పనికి పూనుకున్నాడు. మైకు ముందు పుస్తకం భాష, గుమ్మంలో ఊరి భాష మాట్లాడతాడు. ఛాతీలో ఏళ్ల తరబడి మకాం వేసిన దగ్గు ఒకటి ఉంది. అది మా కాలనీకి గంట కొట్టని గడియారం.

ఎక్కడో, మా జిల్లా కూడా కాదు, ఎవరి మెడలోనో గొలుసు తెంపారు. తెంపినవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. కానీ భద్రత మీద మా మున్సిపాలిటీ చేసిన తీర్మానం మోటారు సైకిళ్ల జోలికి పోలేదు, డేరాల మీదికి వచ్చింది. ప్రెసిడెంటు కాలనీ మీటింగులో దాన్ని మైకులో చదివాడు. మేమున్నది పట్టుమని పదిమందిమి, మైకు అవసరం లేదు. అయినా తీర్మానమన్నాక మైకు ఉండాలి.

"ప్రజల భద్రతను దృష్టిలో ఉంచుకొని, పట్టణ పరిధిలోని రహదారుల పక్కన డేరాలు, గుడారాలు, తాత్కాలిక నివాసాలు నిషేధించడమైనది. మిత్రులారా, మన భద్రత మన మలుపు దగ్గర మొదలవుతుంది!"

మలుపు దగ్గర మొదలైన భద్రత మైకు విని, "ఎవలింటికి?" అని ఎవరినో అడుగుతూ ఉంది. మాకందరికీ వినిపించింది.

నాలుగు రోజులకు ట్రాక్టరు వచ్చింది. నలుగురు కూలీలు, వాళ్లకు నాయకుడిగా మున్సిపాలిటీ జవాను. జవాను మీసం అతనికంటే ముందు మలుపు తిరిగింది. ప్రెసిడెంటు ఇస్త్రీ బట్టలేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నేను మా డాబా మీంచి మెట్లు దిగుతూ వచ్చేసరికి మాటలు మొదలయ్యాయి.

"అవ్వా, డేరా తియ్యాలె. ఆర్డరొచ్చింది."

"ఎవలు తీస్తరు?"

"మేమే తీస్తం. నువ్వు జర పక్కకు జరుగు సాలు."

"నేను జరుగుత. గది జరగదు."

"ఏది?"

అవ్వ గదవతో చూపించింది. డేరా మధ్యలో, గుంజకు ఆనుకుని, ఎవరూ కొనని ఒక పెద్ద రోలు. పూర్వం ఎవరో పెళ్లిళ్లకు పసుపు దంచడానికి చెప్పి, తీసుకుపోలేదట. అందులో మామూలు మనిషి కూర్చుంటే లేవలేడు. దాని గుంటలో గడ్డి పరుచుకుని ఒక ఎర్రకోడి పొదుగుతోంది.

జవాను వంగి చూశాడు. కోడి మెడ తిప్పి అతని మీసాన్ని చూసింది. కలెక్టరు ముందు నిలబడ్డప్పుడు కూడా ఆ మీసం అంత వినయంగా వంగి ఉండదు.

"ఎప్పుడు కూసున్నది అవ్వా?"

"అమాస దాటినంక."

"గుడ్లెన్ని?"

"లెక్కవెడుతరా ఏందిరా? మీ ఇంట్ల లెక్కవెడుతరా?"

"లేదు లేదు, తప్పయింది," అంటూ జవాను నెత్తి మీది టోపీ తీశాడు. నాలుగడుగులు వెనక్కి నడిచాడు, గుడిలోంచి వచ్చేటప్పుడు నడిచినట్టు.

ప్రెసిడెంటు గేటు దగ్గర్నుంచి అరిచాడు. "ఏమైందయ్యా?"

"సార్, పొదిగే కోడి ఉన్నది."

"ఉంటే?"

"కదిలియ్యరాదు సార్. గుడ్లు మురుగుతయ్. నాకు పాపం సుట్టుకుంటది. మా అమ్మకు తెలిస్తె నాకు బువ్వ పెట్టది."

"ఒక కోడి కోసం ప్రభుత్వం ఆగాల్నా?"

"ప్రభుత్వం ఆగది సార్. ట్రాక్టరు ఆగుతది."

ట్రాక్టరు ఆగడమే కాదు, వెనక్కి తిరిగి చప్పుడు చేయకుండా పోవడానికి కూడా ప్రయత్నించింది. కోడి బెదురుతుందని. ట్రాక్టరు చప్పుడు చేయకుండా పోవడం మీరెప్పుడైనా చూశారా? జనగామలో ఆ ఒక్కసారే జరిగింది.

గుడ్లు పిల్లలయ్యాయి. ట్రాక్టరు మళ్లీ వచ్చింది. ఈసారి రోట్లో బూడిదరంగు కోడి. అది దిగేలోగా ఇంకో నల్లది ఎక్కి కూర్చుంది. ఒకటి దిగడం, ఒకటి ఎక్కడం, మధ్యలో ఒక్క పూట ఖాళీ లేదు. "ఇంత టైముకు మా డిపోల ఒక్క బస్సు కూడ రాలె" అని ప్రెసిడెంటు ఒకనాడు నా దగ్గర వాపోయాడు. ఆ గొంతులో కోపంతో పాటు ఎక్కడో కొంత గౌరవం కూడా ఉందని నాకు అనిపించింది.

చివరికి ఆయనకు ఒక ఉపాయం తట్టింది. అంత గొప్ప ఉపాయాలు తట్టినప్పుడే మనుషులు మునిగిపోతారు.

"కోడిని కదిలియ్యరాదు. ఒప్పుకున్న. రోలును కదిలియ్యరాదని ఎవలన్న అన్నరా?" అని జవానును అడిగాడు. జవాను చాలాసేపు ఆలోచించాడు. వాళ్లమ్మ రోలు గురించి ఏమీ చెప్పలేదని తేలింది. "అయితె రోలుతోటి సహా తెచ్చి మా వరండాల పెట్టుండ్రి. చల్లగ పొదుగుతది. మీరు డేరా తీసుకోండ్రి. కథ కంచికి."

రోలుకు తాళ్లు కట్టారు. తాళ్లలోంచి వెదురు బొంగులు దూర్చారు. నలుగురు కూలీలు భుజానికెత్తుకున్నారు. కోడి లోపల రాణీవాసంలా కూర్చుంది. అవ్వ పక్కనే నడుస్తూ "మెల్లగ బిడ్డా, మెల్లగ, అడుగు తప్పకురి" అంటోంది. ముందు ప్రెసిడెంటు చేతులు చాచి ఆటోలను పక్కకు జరుపుతున్నాడు. పది గజాల దూరానికి అరగంట పట్టింది. దారిన పోయే ముసలాయనొకడు ఏ అమ్మవారో తెలియక చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు.

గేటు దగ్గర ప్రెసిడెంటు భార్య నిలబడి ఉంది. ఆమె పుట్టిల్లు లింగాల ఘనపూర్ దగ్గర పల్లె. అవ్వ గేటు బయట ఆగి ఒకే ఒక మాట అడిగింది.

"అమ్మా, పాలుకేనా?"

"పాలుకే అవ్వా," అని ఆమె గేటు బార్లా తీసింది.

ఆ రెండు మాటలూ ప్రెసిడెంటు చెవిన పడ్డాయి. ఆడవాళ్ల ముచ్చట అనుకున్నాడు. పట్నంలో పుట్టి, డిపోలో పెరిగిన మనిషి. మా పల్లెల్లో కోడిని గానీ మేకను గానీ పాలుకు ఇవ్వడమంటే వాటాకు ఇవ్వడం. జీవం ఒకరిది, నీడా గింజలూ ఇంకొకరివి, పుట్టిన పిల్లలు చెరిసగం. కోడి మీ గడప దాటి లోపలికి వస్తే మీరు పాలుదారు. పిల్లలు తల్లిని విడిచి తిరిగేదాకా, పంపకం జరిగేదాకా, ఇద్దరిలో ఎవరూ ఊరు విడవకూడదు. విడిస్తే వాటా తిన్నట్టు. రెండోవాడిని ఎవరైనా వెళ్లగొడితే ఇంకా తిన్నట్టు.

డేరా కర్ర మీద చెయ్యి వేయబోయి జవాను ఆగిపోయాడు. "అమ్మా, పాలుకు పట్టిన్రా?"

"పట్టినం" అంది ఆమె.

జవాను చెయ్యి తీసేశాడు. "సార్, ఇప్పుడు ఈ అవ్వ మీకు పాలుదారు. పంచుకునేదాక తియ్యరాదు."

"ఎవడయ్యా పాలుదారు? నేను సంతకం పెట్టిన్నా?"

"కోడికి సంతకాలుంటయా సార్?"

ప్రెసిడెంటు భార్య వైపు తిరిగాడు. ఆమె అప్పటికే రోలు కింద పీట సర్దుతోంది. "పాలుదారును రోడ్డు మీదికెల్లి ఎల్లగొట్టిన్నని మా తల్లిగారింట్ల తెలిస్తె నా మొఖం ఏడ పెట్టుకోవాలె? ఊకోండ్రి జర," అంది. ఊకున్నాడు.

డేరా మలుపులోనే మిగిలింది. కోడి వరండాలో పొదిగింది. ఆ కోడి అవ్వ గొంతు వింటే తప్ప మేతకు లేవదు. కాబట్టి అవ్వ పొద్దునా సాయంత్రం ప్రెసిడెంటు వరండాకు వచ్చేది. మొదట్లో ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. తర్వాత పేపరు వెనక నుంచి, "ఇయ్యాల లేటు" అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేను చందా రసీదు కోసం పోతే, ముగ్గురూ వరండాలో కూర్చుని, నూకలు మంచివా జొన్నలు మంచివా అని కొట్లాడుకుంటున్నారు. ప్రెసిడెంటు జొన్నల పక్షం. అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసి, "బస్సులకు డీజిల్ పోసెటోనికి కోడికేం పెట్టాల్నో ఏం తెలుస్తది?" అంది. డిపో మొత్తం ఆయన్ని ముప్ఫయ్యేళ్లు అంత మాట అనలేకపోయింది. ఆయన దగ్గి పేపరు తిప్పాడు.

ఇంతలో మున్సిపాలిటీకి కొత్త కమిషనర్ మేడం వచ్చింది. తీర్మానం అమలు కాని మలుపు ఊరంతటిలో ఒక్కటే ఉందని, అడ్డు ఒక కోడి అని విని అందరినీ రమ్మంది. కాలనీ తరఫున మాట్లాడే పని నా మీద పడింది. నేను ఉపన్యాసం తయారు చేసుకున్నాను. అద్దం ముందు చదివితే అద్దం చెమర్చింది.

మేడం గదిలో ఒక పక్క ప్రెసిడెంటు దంపతులు, ఒక పక్క జవాను, మధ్యలో అవ్వ. కుర్చీ ఇస్తే కూర్చోలేదు, కింద కూర్చుంది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "మేడం, ఈ అవ్వ మా కాలనీకి కావలి. మా కెమెరాలు నాలుగుంటే మూడు పిచ్చుక గూళ్లను చూస్తున్నాయి. నాలుగోది చెడిపోయింది. ఈమె కన్ను ఒక్కటీ చెడిపోలేదు. ప్రతి మనిషినీ ఆపి, ఎవరింటికి అని అడిగి గానీ పోనివ్వదు. భద్రత కోసం తీసేయాల్సింది ఈమెను కాదు. భద్రత అంటేనే ఈమె!"

చప్పట్ల కోసం ఒక క్షణం ఆగాను. అవ్వ లేచి నిలబడింది.

"మేడం, ఈ సారు మంచోడే. గని అబద్ధమాడుతున్నడు."

నా ఉపన్యాసం కాగితం చేతిలోనే మడతపడింది.

"నేనెవలకు కావలి లేను. ఎవలింటికని అడుగుడు నాకు భయమై అడుగుత. ఒంటి ఆడదాన్ని. మొగులై వానొస్తె భయం, చీకటైతె భయం, తాగి వచ్చేటోడంటె భయం. మానుకోట స్టేషన్ కాడ పన్ననాడు ఎవడో డేరా కోసిండు. ఒర్లితె ఒక్కడు రాలె. అందుకే ఇండ్లున్న కాడ చూసి పడ్డ. ఈ సారు గోడకు తాడెందుకు కట్టిననుకున్నరు? సారుకు దగ్గున్నది. చీకటంత దగ్గుతనే ఉంటడు. అబ్బ, మనిషి మేల్కొనే ఉన్నడు, ఒర్లితె వస్తడు అనుకుంట. ఆయన దగ్గు ఇనవడితెనే నాకు కన్నంటుకుంటది."

ప్రెసిడెంటుకు సరిగ్గా అప్పుడే దగ్గొచ్చింది. ముఖమంతా ఎర్రబడేలా ఆపుకున్నాడు.

"భద్రం భద్రం అని కాయిదంల రాసుకున్నరట గద మేడం. అండ్ల నేను లేనా?"

మేం ఇన్నాళ్లూ ఆమె మమ్మల్ని కాపలా కాస్తోందని కొందరం, ఆమె వల్లే ప్రమాదమని కొందరం వాదించుకున్నాం. ఆమె మాత్రం మమ్మల్ని నమ్ముకుని పడుకుంటోంది. ఆ కాపలా పని మాకు అప్పజెప్పినట్టు మాకే తెలియదు.

మేడం పెన్నుకు మూత పెట్టింది. "అవ్వా, తీర్మానం మార్చడం నా చేతిలో లేదు. రోడ్డు మీద డేరా ఉండకూడదు. ఇల్లు లేనివాళ్ల కోసం వసతి గృహం ఉంది. అక్కడ భయం ఉండదు."

"ఆడికి రోళ్లు రానిస్తరా?"

"రోళ్లు కుదరవు."

"కోళ్లు?"

"కుదరవు అవ్వా."

"మరి నేనొక్కదాన్నే పొయ్యి ఏం జేస్త ఆడ?"

ప్రెసిడెంటు లేచాడు. డిపోలో ఆఖరి బస్సును ఆపడానికి లేచినట్టు లేచాడు.

"మేడం, రోడ్డు ఎందాక?"

"మీ ప్రహరీ గోడ దాకా."

"గోడ లోపట?"

"అది మీ స్థలం. మాకు సంబంధం లేదు."

"సరే మేడం. మా పంపకం ఇంకా కాలె. పంపకం అయ్యేదాక పాలుదారు మా కాడ్నే ఉండాలె. అది మా ఊరి కాయిదా." ఆ కట్టుబాటు ఆయనకు తెలిసి నెల కూడా కాలేదు. అయినా తాతల నాటి నుంచి పాటిస్తున్నట్టు చెప్పాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది.

డేరా మలుపు నుంచి గోడ లోపలికి మారింది. దూరం లెక్కకు రెండడుగులే గానీ, రోళ్లన్నిటినీ గేటు దాకా మోయలేక గోడ కొంత పగలగొట్టాల్సి వచ్చింది. సుత్తితో పగలగొట్టింది జవాను. తీర్మానం అమలుకు ఆ సుత్తి తప్ప వేరే ఏదీ వాడలేదని రిపోర్టు రాసుకున్నాడు. అవ్వ ఒకే ఒక షరతు పెట్టింది. "గేటుకు తాళమెయ్యొద్దు సారు. తాళమేస్తె లోపట నేనున్ననా, మీరున్నరా నాకు సమజ్ గాదు."

పంపకం? అది ఏనాడూ జరగలేదు. ఆ పిల్లలు పెద్దయ్యేలోగా ఇంకో కోడి రోట్లోకి ఎక్కింది. "ఇవి కూడ దిగనియ్యి, ఒక్కసారే పంచుకుందం" అని ఒకరు, "తొందరేముంది" అని ఒకరు. ప్రెసిడెంటు ఇల్లు కొన్నాళ్లకు కోళ్లఫారానికీ బస్టాండుకీ మధ్యరకంగా తయారైంది. గోడ పగిలినచోట అవ్వ కూర్చునే కిటికీ లాంటిది మిగిలిపోయింది. దాన్ని పూడ్చమని ఆయన ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఎండాకాలం అవ్వ పోయింది. జబ్బేమీ లేదు. మధ్యాహ్నం రోటికి చేరగిలి కూర్చుని, అలాగే ఉండిపోయింది. ప్రెసిడెంటు భార్య మజ్జిగ తీసుకుపోయి చూసింది. మానుకోట నుంచి బిడ్డా అల్లుడూ వచ్చారు. అల్లుడు నిజంగానే మంచోడు.

దినాల నాటికి ఆమె తరఫువాళ్లు ఎక్కడెక్కడి నుంచో దిగారు. గంగారం అవతల నుంచి కొందరు, భూపాలపల్లి నుంచి కొందరు, మేం ఎన్నడూ చూడని వాళ్లు. మా కాలనీవాళ్లు వాళ్లకు సమానంగా ఉన్నారు. ప్రెసిడెంటు వాకిట్లో ఇంతమందికి చోటెక్కడిది? ఆయన టెంటు హౌసుకు మనిషిని పంపాడు. పెళ్లికి గానీ చావుకు గానీ రోడ్డు మూసుకోవడానికి మా ఊళ్లో ఎవరూ ఎవరినీ అడగరు. ఎర్రా పసుపూ చారల పెద్ద టెంటు వచ్చింది. ప్రెసిడెంటు గోడ నుంచి ఎదురింటి గోడ దాకా, మలుపు మొత్తం, సూర్యాపేట రోడ్డు అంచు దాకా కట్టారు. దాని కింద కుర్చీలు, ఫ్యాన్లు, గాడిపొయ్యి మీద గంగాళాలు. ఆటోలు వచ్చి, చూసి, సంగతి తెలుసుకుని, అరవకుండా వెనక్కి తిరిగాయి. ప్రెసిడెంటు రోడ్డు మధ్యలో నిలబడి, వచ్చే బండ్లకు దారి చూపిస్తూ పొద్దంతా గడిపాడు. అవ్వ బతికుండగా ఆ మలుపులో అంత పెద్ద డేరా ఎన్నడూ వేయలేదు.

సాయంత్రానికి తిన్నవాళ్లు తిన్నారు, పోయేవాళ్లు పోయారు. టెంటు హౌసాయన నిచ్చెన ఆనించి పైకెక్కుతుంటే ప్రెసిడెంటు వచ్చి కింద నిలబడ్డాడు.

"ఇయ్యాల ఉండనియ్యి. రేపు తీద్దురు."

"నాకేం లేదు సార్. రోడ్డు మీద గద, మున్సిపాలిటోళ్లు వస్తె అంటరు."

బంతిలో ఆఖరున కూర్చుని తింటున్న జవాను విస్తరిలోంచి తలెత్తాడు. మీసానికి పప్పు అంటుకుని ఉంది.

"మున్సిపాలిటోన్ని నేనే ఈడున్న. నేనేమన్న అంటున్ననా? దిగు, దిగి బువ్వ తిను."